మాకా దుంప

తెల్లవారుజాము నాలుగు. హునీన్ బస్‌స్టాండులో మంచు
ఇంకా ఎవరి అడుగూ పడకుండా ఉంది.
నా కిరోసిన్ స్టవ్వు రెండుసార్లు తుమ్మి అంటుకుంటుంది.
గిన్నెలో దుంప ఉడికే వాసన,
సగం ముల్లంగి, సగం మాడిన పంచదార,
కొంచెం మట్టి.

ముందు డ్రైవర్లొస్తారు.
దెల్ఫీన్‌ది రోజూ అదే జోకు:
"సతుర్నీనా, రెండు గుడ్లు కొట్టు,
రాత్రికి వాంకాయోలో బస."
వెనకున్నవాళ్ళు నవ్వుతారు. నేనూ నవ్వుతాను.
నవ్వు ఖరీదు కప్పులోనే కలిపి ఉంటుంది.

నల్ల దుంప మగాళ్ళకంటారు, ఎర్రది ఆడవాళ్ళకంటారు,
పసుప్పచ్చది ఎవరికో ఎవరూ చెప్పరు.
మా అత్త దాన్ని గొర్రెలకి పెట్టేది, కవలలు ఈనాలని.
ఈనాయి కూడా.
గొర్రెలకి మొహమాటం లేదు.

లీమా నుంచి ఒకామె వచ్చింది పోయినేడు.
గ్లవ్స్ తీయకుండానే, గొంతు తగ్గించి,
మందుల షాపులో అడిగినట్టు అడిగింది,
"నిజంగా పనిచేస్తుందా?"
"తాగండమ్మా, చలైనా తగ్గుతుంది" అన్నాను.
కప్పుని రెండు చేతులా పట్టుకున్న తీరు చూస్తే
ఆమెకి కావలసిందీ అంతేననిపించింది.

నన్నెవరూ అడగని సంగతి ఒకటుంది.
ఇంకేదీ బతకని ఎత్తులో
రాత్రి గడ్డకట్టి, పగలు కరిగి,
మళ్ళీ గడ్డకట్టి పెరుగుతుందే ఈ దుంప,
ఇది వేసిన నేలని
మళ్ళీ ఏళ్ళ తరబడి దున్నరు.
ఉన్న సారమంతా పీల్చి
పిడికిట్లో పట్టే గడ్డలో దాచేసుకుంటుంది.
ఆ తర్వాత నేల పడుకుంటుంది.
ఎండుగడ్డి మొలుస్తుంది, విక్యూన్యాలు మేసిపోతాయి,
దారిన పోయేవాళ్ళు చచ్చిన నేల అనుకుంటారు.
మా నాన్న బూటుకాలితో తట్టి చూసి
"నిద్ర" అనేవాడు.
అంతకంటే మాట్లాడేవాడు కాదు.

హెర్మెనెహిల్దో జింకు గనిలో.
ఇరవై రోజులు కింద, ఎనిమిది రోజులు ఇంట్లో.
ఆ ఎనిమిదీ దగ్గుకీ
పైకప్పు రేకులకి మేకులు కొట్టడానికీ సరిపోతాయి.
రాత్రి మూడు దుప్పట్ల కింద రెండు వీపులం.
ఎప్పుడు మొదలైందో తెలీదు. గొడవేం లేదు.
ఊరందరి ఒంట్లో వేడి పుట్టించే మనిషిని,
నా పక్కలో నా పాదాలే చల్లగా.
ఒక కప్పు ఇంటికి పట్టుకెళ్ళరాదూ అంటుంది
మా చెల్లెలు ప్రిమితీవా.
ఇస్తే, అడిగినట్టవుతుంది.
అడిగితే
దగ్గుతూ లేచి కూర్చుంటాడు పాపం,
ఓవర్‌టైమ్ పిలుపొచ్చినట్టు.

ఇవాళ
వరసలో ఏడో మనిషి తల ఎత్తలేదు.
గరిటె ముంచి, కప్పు చాచి, అప్పుడు చూశాను చేతిని:
నల్లబడిన బొటనవేలి గోరు,
పెళ్ళైన ఏడు సుత్తి పడ్డ గోరు.
గనికి పోయే బస్సుకి ఇంకా అరగంట ఉంది.
బల్ల మీద నాణేలు పెట్టాడు,
అందరిలాగే, సరిగ్గా చిల్లర.
దెల్ఫీన్ ఈల వేశాడు. వెనక ఎవరో ఏదో అన్నారు.
ఆయన కన్ను గీటలేదు.
"రెండు చెంచాలు" అన్నాడు.

గుడ్డు కొడితే పెంకు ముక్క పడింది.
పదమూడేళ్ళలో మొదటిసారి.
వేలితో తీశాను, వేలు కాలింది.
ఆయన మొదటి చెంచా ఊది ఊది
నా నోటికందించాడు,
హెల్మెట్ ఇంకా చంకలోనే.
రోజుకి నలభై కప్పులు పోస్తాను,
దీని రుచి మర్చిపోయాను:
ముల్లంగి, మాడిన పంచదార, మట్టి.

"చేదా?"
"కాదు. వేడి."

వెనకవాళ్ళు తోసుకుంటున్నారు. హారన్ రెండోసారి మోగింది.
ఆయన వెళ్ళిపోయాడు, మూతి తుడుచుకోకుండానే.
నాణేలు బల్ల మీదే ఉన్నాయి.
గల్లాలో వేయలేదు, చేత్తో ముట్టుకోలేదు.
ఎనిమిదోవాడు చూసి అడిగాడు,
ఎవరో మర్చిపోయారేమోనని.

"పడుకోనీ" అన్నాను.